కొండ ఊరికి ఒక రోజు దారి

మధ్యాహ్నం బెల్లు కొట్టి పది నిమిషాలైంది. ఆరో తరగతి గదిలో రెండో బెంచీ మీద రెండు టిఫిన్ డబ్బాలు మూతలు తీసి ఉన్నాయి. ఒకటి నందినిది, ఇంకొకటి వీరేశ్‌ది. ఏది ఎవరిదో ఆ ఇద్దరూ ఎప్పుడో మరిచిపోయారు. నందిని చెయ్యి వీరేశ్ డబ్బాలోని పుంటికూరలో ఉంది. వీరేశ్ చెయ్యి నందిని డబ్బాలోని జొన్నరొట్టె మీద ఉంది.

"నందినీ, నా ఊర్ల గింజలు అయిపోతున్నయ్," అన్నాడు వీరేశ్. "ఇయ్యాల, రేపు. గంతే. ఎల్లుండి పగటీలికి, అన్నం బెల్లు టైముకు, గాదె ఖాళీ. జర పంపవా?"

"పంపుత," అంది నందిని నోట్లో ముద్దతోనే. "ఏమిస్తవ్?"

వీరేశ్ రొట్టె తుంచబోయి ఆగాడు.

కంగారు పడకండి. వీరేశ్ ఇంట్లో కరువేమీ రాలేదు. ఇది ఆట సంగతి. ఆట పేరు కోట-పేట. ఫోన్‌లో ఆడతారు. ఒక్కొక్కరికి ఒక ఊరు ఇస్తారు. పొలాలు దున్నించాలి, ఇళ్లు కట్టించాలి, దొంగలు రాకుండా చుట్టూ గోడ లేపాలి, పక్క ఊళ్లతో సరుకులు మార్చుకోవాలి. అలా ఊరు పట్నమవుతుంది, పట్నాలు కలిసి రాజ్యమవుతాయి. మీలో సగం మంది ఇలాంటిదేదో ఆడే ఉంటారు. మిగతా సగం మందికి ఇంట్లో ఫోన్ ఇచ్చి ఉండరు.

నందిని ఊరు నది పక్కన, నల్లరేగడి నేలలో ఉంది. దానికి నందినీపురం అని పేరు పెట్టింది. తన పేరే పెట్టుకోవడానికి ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఆ ఊరి చుట్టూ పెద్ద రాతిగోడ ఉంది. నల్లరేగడిలో అంత రాయి ఎక్కడిదని మీకు అనుమానం రావచ్చు. నందినికి మాత్రం ఆ సంగతి ఇప్పుడు గుర్తు లేదు.

వీరేశ్ ఊరు కొండ మీద ఉంది. పొలాలు తక్కువ, రాయి ఎక్కువ. పెద్ద క్వారీ ఒకటి ఉంది. ఆ ఊరికి అతను తన సొంతూరి పేరు పెట్టాడు, చిరాగ్‌పల్లి అని. అసలు చిరాగ్‌పల్లి బొంబాయి హైవే పక్కన ఉంటుంది. వీరేశ్ రోజూ అక్కడే బస్సెక్కి జహీరాబాద్‌లో బడికి వస్తాడు.

ఆటలోని చిరాగ్‌పల్లిలో ఒక ఇంటికి నీలం రంగు తలుపు ఉంది. అది వీరేశ్ వాళ్ల ఇల్లు. ఊరి బయట నాలుగు రాళ్లు నిలబెట్టి, మీద ఒక బండ వేసి ఉంది. అది బస్టాపు. కోట-పేటలో బస్సులే లేవు. అయినా బస్టాపు లేని చిరాగ్‌పల్లి ఏం బాగుంటుందని వీరేశ్ దాన్ని కట్టాడు. అతనికి రోజుకు అరగంటే ఫోన్ దొరుకుతుంది, సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చి వంట మొదలుపెట్టినప్పుడు. నాలుగు నెలల అరగంటలన్నీ కలిపి అతను ఆ ఊరు కట్టాడు.

"ఏం కావాలె నీకు?" అడిగాడు వీరేశ్.

"క్వారీ."

"క్వారీ మొత్తమా?"

"మొత్తం."

తమాషా చేస్తోందనుకుని వీరేశ్ నవ్వాడు. నందిని నవ్వలేదు. ఇంకొంచెం పుంటికూర తీసుకుంది.

"క్వారీ ఇస్తే నా ఊరికి ఇంకేముంటది? నా తాన వేరే ఏం లేదు గదా."

"ఆలోచన చేస్కో, సోంచాయించి చెప్పు. నాకేం తొందర లేదు."

"నాకుంది," అన్నాడు వీరేశ్. "నీ కాడికెల్లి బండ్లు కొండెక్కాలంటే ఒక రోజు పడ్తది. అది యాది పెట్టుకో. దీపికను అడుగుదామంటే ఆమె ఊరు నది అవతలుంది. పడవలు మూడు రోజులకు గని రావు. శనివారం మా నాయిన వస్తుండు."

శనివారం బ్యాగులు తేనక్కర్లేని రోజు. సోషల్ చెప్పే గిరీశ్ సార్ ఆ రోజు కోట-పేట ఆడేవాళ్లందరూ తమ ఊళ్లను పెద్ద స్క్రీన్ మీద చూపించాలని, ఊరు ఎలా కట్టారో చెప్పాలని అన్నారు. వీలైన అమ్మానాన్నలు రావచ్చని కూడా చెప్పారు. వీరేశ్ నాన్న సుదర్శన్ ట్రాక్టర్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. బడికి ఆయన ఇంతవరకు ఒక్కసారి కూడా రాలేదు. ఈసారి వస్తానన్నాడు.

"సోంచాయించు మరి," అని నందిని డబ్బా మూత పెట్టింది.

"నాకేం తొందర లేదు" అనేది నందిని సొంత మాట కాదు. అది వాళ్ల తాతది.

తాత మల్లికార్జున్ అల్లం పండిస్తాడు. అల్లం గమ్మత్తైన పంట. పండింది కదా అని వెంటనే తవ్వి తీరాలని లేదు. ధర లేకపోతే భూమిలోనే వదిలేసి కొన్నాళ్లు ఆగొచ్చు. పోయినేడు చుట్టుపక్కల వాళ్లంతా తవ్వి, వచ్చిన కాడికి అమ్ముకున్నారు. తాత తవ్వలేదు. వ్యాపారులు ఇంటికి వచ్చేవాళ్లు. చాయ్ తాగేవాళ్లు. ధర చెప్పేవాళ్లు. తాత వాళ్లను గేటు దాకా సాగనంపి వచ్చి, "నాకేం తొందర లేదు. అక్కరున్నోడు వాడే వస్తడు," అనేవాడు.

అన్నట్టే వచ్చారు. ధర లేచింది. ఆ అల్లంతోనే ఇంటి పైన కొత్త గది లేచింది. ఆ గదిలో నందినికి ఒక టేబుల్ వచ్చింది. ఆ టేబుల్ దగ్గర కూర్చునే ఆమె కోట-పేట ఆడుతుంది. ఆగితే మంచి జరుగుతుందని ఆమెకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం తాత వాకిట్లో కూర్చుని పగిలిన డ్రిప్పు పైపుకు అతుకు వేస్తున్నాడు.

"తాతా, నేను గూడ నీ లెక్కనే ఆపిన," అంది నందిని. "ధర వచ్చెదాక ఇయ్య."

"శెభాష్ బిడ్డ," అన్నాడు తాత, పైపు మీంచి తల ఎత్తకుండా.

ఏం ఆపావని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

గురువారం మధ్యాహ్నం వీరేశ్ డబ్బా మూత తీయకముందే అన్నాడు. "సగం క్వారీ తీస్కో. ఇయ్యాల బండ్లు తోలు."

నందినికి లోపల ఒక్కసారి సంబరమైంది. నిన్న అసలు ఇవ్వనన్నవాడు ఇవాళ సగానికి వచ్చాడు. ఇంకొంచెం ఆగితే మొత్తానికి వస్తాడు. వ్యాపారులు కూడా తాత దగ్గరికి ఇలాగే ఒక్కో మెట్టు దిగి వచ్చారు.

"మొత్తం," అంది.

"నందినీ, నీకేమైంది?" అన్నాడు వీరేశ్. కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు.

నందిని అతని డబ్బాను తన వైపు లాక్కుంది. అతని డబ్బాలో ఆ రోజు పల్లీల తొక్కు ఉంది. దాన్ని మాత్రం వదల్లేదు.

సాయంత్రం ఫోన్ తెరవగానే ఆటలో ఒక కబురు కనిపించింది. "మీ గాదె నిండిపోయింది. పట్టని గింజలు పాడయ్యాయి. నలభై బస్తాలు పారబోశాం." ఆ వారంలో ఆ కబురు రావడం అది మూడోసారి. నందిని వేలితో దాన్ని పక్కకు తోసేసింది.

ఆరు గంటలకు వీరేశ్ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది.

"సరే. క్వారీ తీస్కో. జల్ది పంపు."

నందిని కుర్చీలోంచి లేచి చిన్నగా ఎగిరింది. బండ్లు ఎంచుకుంది. ఇరవై బండ్లు, వాటి నిండా జొన్నలు. పంపేముందు ఆట ఎప్పటిలాగే అడిగింది, "బదులుగా ఏం కావాలి?" అని. కింద బొమ్మలు వరుసగా ఉన్నాయి. కలప, ఇనుము, గుర్రాలు, క్వారీ. నందిని క్వారీ నొక్కింది. ఆ వరుస కింద ఇంకేదో చిన్న బటన్ కూడా ఉంది. ఆమె ఎప్పుడూ అంత కిందికి చూడలేదు.

ఇరవై బండ్లు గంటలు మోగించుకుంటూ నందినీపురం గేటు దాటాయి. కొండ మీది క్వారీ మీద నందిని జెండా ఎగిరింది. ఆమె కిందికి పరుగెత్తి వెళ్లి అవ్వ చేసిన సర్వపిండి రెండు తినేసింది.

శుక్రవారం పొద్దున ప్రేయర్ లైన్లోనే వీరేశ్ అడిగాడు. "బండ్లు ఎన్ని గంటలకు బయల్దేరినయ్?"

"నిన్న ఆరింటికి."

"అంటే ఇయ్యాల ఆరింటికి చేరుతయ్."

"ఆ."

"నా గాదె పగటీలికే ఖాళీ అయితది గదా."

నందిని ఒక్క క్షణం తడబడింది. "పగటీలికెల్లి ఆరింటి దాక ఎంతసేపు? జర ఆగుతరు తియ్."

వీరేశ్ ఆమె వైపు చూశాడు. బడిలో ఫోన్లు తేకూడదు. ఇద్దరూ ఏమీ చెయ్యలేరు. ఆ మధ్యాహ్నం అతను ఒక్క రొట్టె కూడా పూర్తిగా తినలేదు. గోడ మీది గడియారం ఒంటిగంట కొట్టినప్పుడు దాని వైపు చూశాడు. అంతే.

కోట-పేటలో మనుషులు ఆగరు. గాదె ఖాళీ అయిన గంటకు మొదటి ఇంటివాళ్లు మూట కట్టుకుంటారు. ఆ తర్వాత గంటకొక వీధి. ఆటలోని నియమాల పేజీలో ఇది రాసే ఉంది. వీరేశ్ చదివాడు. గాదె ఎప్పుడూ నిండుగా ఉన్న నందినికి ఆ పేజీతో పని పడలేదు.

ఆరున్నరకు ఆమె ఫోన్ తెరిచింది. బండ్లు కొండ మీద ఆగి ఉన్నాయి. ఇళ్లన్నీ ఉన్నాయి. ఒక్క పొయ్యి నుంచీ పొగ రావడం లేదు. నీలం తలుపు బార్లా తెరిచి ఉంది. బస్టాపు బండ కింద ఎవరో వదిలేసిన మూట ఒకటి పడి ఉంది.

"ఈ ఊళ్లో ఎవరూ లేరు," అని రాసి ఉంది స్క్రీన్ మీద. "సరుకు దించుకునేవారు లేక బండ్లు వెనక్కి వస్తున్నాయి."

నందిని ఫోన్‌ను రెండుసార్లు ఆపి మళ్లీ తెరిచింది. మూడోసారి తెరిచేసరికి ఇళ్లు కూడా మాయమవుతున్నాయి. ఖాళీ ఊళ్లను ఆట అలాగే చెరిపేస్తుంది. ముందు కప్పులు, తర్వాత గోడలు. నీలం తలుపు చివర్లో పోయింది. ఆమెకు వెనక్కి వస్తున్న బండ్లకు ఎదురెళ్లి ఆపాలనిపించింది. ఆపి ఎక్కడికి పంపుతుంది?

శనివారం వీరేశ్ నాన్న అందరికంటే ముందే వచ్చాడు. రాత్రి షిఫ్టు దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా, ఫ్యాక్టరీ యూనిఫామ్‌లోనే వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిల్లల బెంచీలో మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నాడు. తన ఊరు పోయిందని వీరేశ్ ఆయనకు చెప్పలేకపోయాడు. రాత్రి ఆయన ఇంట్లో లేడు. పొద్దున ఇద్దరూ కలుసుకున్నది బడి గేటు దగ్గరే.

గిరీశ్ సార్ ముందు నందినిని పిలిచారు. స్క్రీన్ మీద నందినీపురం వెలిగింది. రాతిగోడ కనబడగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. నందిని నాలుగు రోజుల నుంచి అద్దం ముందు బట్టీ పట్టిన మాటలన్నీ చెప్పింది. నది, పొలాలు, గాదె, గోడ. చెబుతున్నంతసేపూ కిటికీ వైపే చూసింది.

చప్పట్లు ఆగాక వీరేశ్ నాన్న లేచి నిలబడ్డాడు.

"సార్, ఒక మాట," అన్నాడు. "గోడ మస్తుగుంది బిడ్డ. ఆ రాళ్లు మావోడు పంపినవే గదా? ఇంట్ల పది రోజులు అదే ముచ్చట. దొంగలొస్తున్నరట, నందిని ఊరికి గోడ లేదట, నా ఊరోళ్లందర్ని రాళ్లు కొట్టనీకి పెట్టిన నాయినా అంటుండె. ఇద్దరు కలిసి మంచిగ ఆడుతున్నరు. మంచిగుండున్రి."

ఆయన కూర్చున్నాడు. నేల మీద గచ్చు పగిలిన గీత ఒకటి ఉంది. నందిని దాని మీదే కళ్లు పెట్టి తన బెంచీ దాకా నడిచింది.

"వీరేశ్," అని పిలిచారు సార్.

స్క్రీన్ మీద బోడి కొండ వచ్చింది. దాని మీద ఒక్క ఇల్లు కూడా లేదు.

"ఏమైంది వీరేశ్?" అన్నారు సార్.

"గింజలు అయిపోయినయ్ సార్."

"పక్క ఊళ్లవాళ్లు ఎవరూ పంపలేదా?"

నందిని బెంచీ చెక్కను రెండు చేతులా పట్టుకుంది. ఇప్పుడు చెబుతాడు. చెప్పాలి కూడా. తను అతని స్థానంలో ఉంటే గట్టిగా, పేరు పెట్టి, వేలు పెట్టి చూపించి చెప్పేది.

"పంపిన్రు సార్," అన్నాడు వీరేశ్. "ఆలస్యమైంది."

అంతే అన్నాడు. ఆమె వైపు చూడను కూడా లేదు.

వెనక బెంచీ నుంచి వాళ్ల నాన్న కొంచెం ముందుకు వంగి, మెల్లగా అడిగాడు. "మన నీలం తలుపు ఏది బేటా? చూపిస్త అంటివి గదా."

"ఉండె నాయినా," అన్నాడు వీరేశ్.

ఆ సాయంత్రం నందిని మేడ మీది గదికి వెళ్లలేదు. వాకిట్లో మెట్ల మీద కూర్చుంది. తిట్టేవాళ్లెవరైనా ఉంటే బాగుండుననిపించింది. తిట్టాల్సినవాడు ఒక్క మాట కూడా అనలేదు.

పక్కింటి బీరమ్మ స్టీలు గిన్నె పట్టుకుని గేటు తీసుకుని వచ్చింది. "గిరిజక్కా, మా చెల్లె పిల్లల్ని తీస్కోని దిగింది. జొన్నపిండి నిండుకున్నది."

అవ్వ గిరిజమ్మ గిన్నె అందుకుని లోపలికి వెళ్లింది. పిండి డబ్బా అడుగు దాకా ముంచి, గిన్నె మీద గోపురం కట్టేలా నింపి ఇచ్చింది. బీరమ్మ కొంగు కప్పుకుని వెళ్లిపోయింది. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"అవ్వా, బదులు ఏమడగలేదు నువ్వు?" అంది నందిని.

"ఏమడగాలె? ఇంటికి పిల్లలొచ్చి కూసున్నరంటే," అంది అవ్వ. పిల్ల ఏదో తిక్క ప్రశ్న అడిగిందనుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

తాత వాకిట్లోనే ఒక పక్కన వింటూ కూర్చున్నాడు. మనవరాలి మొహం చూశాడు. "ఏమైంది బిడ్డ?" అన్నాడు.

నందిని చెప్పింది. మొదట నుంచి చివర దాకా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ముక్కు చీదుకుంది. తాతకు కోట-పేట తెలియదు. అయినా పొలం తెలుసు, బండి తెలుసు, గాదె తెలుసు. అన్నీ విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఆ పిల్లగాని ఊరోళ్లందరు పది రోజులు నీ గోడకు రాళ్లు కొట్టిన్రు. గప్పుడు వాళ్ల పొలాలు ఎవలు దున్నిన్రు?"

నందిని తల ఎత్తింది. వీరేశ్ ఊళ్లో గింజలు ఎందుకు తక్కువ పడ్డాయో ఆమె అంతవరకు ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"రాళ్లకు బదులు ఏం తీస్కున్నడు?"

"ఏం తీస్కోలే."

"నేను గూడ ఆపిన బిడ్డ. గని నేను ఆపింది అల్లం," అన్నాడు తాత. "అల్లం లేకుంటే చాయ్ చప్పగైతది. గంతే. జొన్నలు లేకుంటే పొయ్యే ముట్టదు."

తర్వాత తనలో తాను అనుకున్నట్టుగా, "శెభాష్ అంటిని గదా నేను. ఏం ఆపినవని అడగకపోతిని," అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం వీరేశ్ చివరి బెంచీలో కూర్చుని డబ్బా తెరిచాడు. నందిని తన డబ్బా పట్టుకుని అక్కడికి వెళ్లింది.

"సారీ వీరేశ్," అంది.

"సరే," అన్నాడు అతను.

"నీ క్వారీ నీకు వాపస్ ఇస్త."

"ఇస్తే ఏడ పెట్టుకోవాలె? ఊరే లేదు గదా."

అందులో వెటకారం లేదు. ఉన్న సంగతే చెప్పాడు. తర్వాత తల వంచుకుని తింటూ ఉండిపోయాడు. ఆ రోజు కూడా అతని డబ్బాలో పుంటికూరే. నందిని ఇంకొంచెంసేపు నిలబడి, రెండో బెంచీకి తిరిగి వచ్చింది. తన రొట్టె తనే తింది. రొట్టెలోకి కూర లేదు.

రోజులు గడిచాయి. వీరేశ్ మళ్లీ ఊరు మొదలుపెడతాడేమోనని ఆమె ఎదురుచూసింది. అతను మొదలుపెట్టలేదు. ఆ అరగంట ఇప్పుడు అమ్మకు రొట్టెలు కాలుస్తున్నానని ఎవరితోనో చెబుతుంటే విన్నది.

పదిహేను రోజుల తర్వాత బోడి కొండ మీద మూడు గుడిసెలు కనిపించాయి. కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్లకు కోట-పేట ఖాళీ జాగాలు ఇస్తుంది. ఐదో తరగతి పాండుకు ఆ కొండ వచ్చింది. ఊరికి ఇంకా పేరు కూడా పెట్టలేదు. మూడు గుడిసెల మీదా ఖాళీ గిన్నె గుర్తు వెలుగుతోంది. గింజలు ఒక రోజుకు మాత్రమే ఉన్నాయి.

నందిని గడియారం చూసింది. ఒక రోజుకే ఉన్నాయి, దారి ఒక రోజు. ఇప్పుడు పంపితే చేరతాయి. ఇంకో గంట ఆగితే చేరవు. ఆమె వేళ్లు గబగబా కదిలాయి. పది బండ్లు నింపింది.

"బదులుగా ఏం కావాలి?" అని ఆట అడిగింది.

కలప, ఇనుము, గుర్రాలు. ఆమె స్క్రీన్‌ను కిందికి జరిపింది. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాలతో ఒక బటన్ ఉంది. "ఏమీ వద్దు."

నందిని దాన్ని నొక్కింది. క్వారీ మీద ఉన్న తన జెండాను కూడా దించేసింది. అది మళ్లీ కొండదే అయింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం పాండు పరుగెత్తుకుంటూ ఆరో తరగతి గదిలోకి వచ్చాడు. "నందినక్కా, నా ఊరికి పది బండ్ల జొన్నలొచ్చినయ్. మల్ల క్వారీ గూడ. నువ్వే పంపినవట. నేను అడగనే లేదు గదా. నీకేమియ్యాలె నేను?"

"ఏమొద్దు. ఊరికి పేరు పెట్టు జల్ది," అంది నందిని.

పాండు వెళ్లిపోయాడు. చివరి బెంచీలో వీరేశ్ డబ్బా మూత పెడుతూ ఆగాడు. చాలా రోజుల తర్వాత తనంతట తానుగా ఆమెతో మాట్లాడాడు.

"ఏమీ వద్దు అని నొక్కినవా?"

"ఆ. కింద ఒక బటన్ ఉంది. నాకిన్ని రోజులు కనవడలే."

"మొదటి రోజుకెల్లి ఉంది అది," అన్నాడు వీరేశ్. "నాకు కనవడ్డది."

డబ్బా కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడ పాండు ఉన్నాడు. వీరేశ్ వంగి తడివేలితో గచ్చు మీద ఏదో గీసి చూపిస్తున్నాడు. కొండ మీద నీళ్లు ఎక్కడ పడతాయో చెబుతున్నాడని నందినికి దూరం నుంచే అర్థమైంది. తనూ వెళ్లి వినాలనిపించింది. ఆమె లేచి రెండు అడుగులు వేసేసరికి వీరేశ్ చేతులు దులుపుకుని వేరే వైపు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె ఫోన్ తెరిచింది. పాండు గాదెలో ఇంకా మూడు రోజుల గింజలు ఉన్నాయి. గుడిసెల మీద ఖాళీ గిన్నెల గుర్తులు లేవు. పాండు కూడా ఏమీ అడగలేదు.

దారి ఒక రోజు. నందిని బండ్లు కట్టించింది.